మొక్కలు అమ్మి కోరింగ వెళ్లాం

టూర్ ఉంటుందని చెప్పగానే మా తొమ్మిదో తరగతిలో 42 మందికి 30 మంది చేతులెత్తారు. మిగతా 12 మంది తలవంచుకున్నారు. వాళ్లు ఇంట్లో డబ్బు అడగనైనా అడగరని నాకు తెలుసు. అందుకే ఈసారి తలా ఇంత అని వసూలు చేయకూడదనుకున్నాం.

జూన్‌లోనే ఎకో క్లబ్ పిల్లలు బడి వెనక కరివేపాకు, మందార, నిమ్మ మొక్కలు పెంచడం మొదలుపెట్టారు. బాలల దినోత్సవం నాడు వాటితో పాటు ఇళ్ల నుంచి తెచ్చిన పాకుండలు, జంతికలు అమ్మారు. పాత పేపర్లు తూకానికి వేశాం. తక్కువైంది పూర్వ విద్యార్థులు ఇచ్చారు. ప్రతి రూపాయీ బోర్డు మీద రాసింది పిల్లలే. మొత్తం 46,000 అయింది. 42 మందీ బస్సెక్కారు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. ఆత్రేయపురం మీదుగా బొబ్బర్లంక వెళ్లి లాకుల దగ్గర ఆగాం. కోనసీమకు నీళ్లిచ్చే కాలువ మొదలయ్యేది అక్కడే. "మా చేలోకొచ్చే నీళ్లు ఇక్కడి నుంచా మేడమ్!" అన్నాడొక కౌలు రైతు కొడుకు. ఆ తర్వాత ధవళేశ్వరంలో, గోదావరి మీద ఆనకట్ట కట్టించిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ మ్యూజియం చూశాం. 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852కి పూర్తయిందని పిల్లలే ఒకరికొకరు చెప్పుకున్నారు.

కడియం నర్సరీల్లో అరగంట అనుకుంటే రెండు గంటలు పట్టింది. మొక్కలు అమ్మిన పిల్లలు కదా, అంటు ఎలా కడతారు, ఎన్నాళ్లకు అతుక్కుంటుంది అని వదలకుండా అడిగారు. దాంతో ద్రాక్షారామం చేరేసరికి చీకటి పడింది. భీమేశ్వరుడి దర్శనమైతే అయింది గానీ, ఆ గుడిని పగలే చూడాలి.

కాకినాడలో బస బాగోలేదు. ఫోన్‌లో నాలుగు హాళ్లు అన్నవాళ్లు రెండే ఇచ్చారు. ఆడపిల్లల బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. నేనూ తెలుగు మేడమ్ వంతులవారీగా కాపలా కూర్చున్నాం. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒకరు వెళ్లి కళ్లారా చూసి రావాల్సింది, ఆ పొరపాటు నాదే. మెస్ వాళ్లు మాత్రం పిల్లలు చాలనే దాకా వడ్డించారు.

మర్నాడు పొద్దున్నే కోరింగ. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తుంటే అల్లరి దానంతటదే తగ్గింది. నీళ్లు తీసి ఉన్నాయి. బురదలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేర్లు, వాటి మధ్య పీతలు, గెంతే చిన్న చేపలు. వేర్లు పైకెందుకు పెరుగుతాయని సైన్స్ మాస్టారు అడిగారు. "బురదలో గాలాడదు కదండీ, ఊపిరి కోసం" అందొక అమ్మాయి. వాళ్ల మావయ్యది భైరవపాలెమట, చేపల వేట. ఆ రోజు తలవంచుకున్న 12 మందిలో ఈ పిల్ల ఒకతి. తర్వాత గంటసేపు అందరూ ఆమె వెనకే నడిచారు. 1839 తుఫానుకు కోరింగ రేవు తుడిచిపెట్టుకుపోయిన సంగతి నేను అక్కడే చెప్పాను. ఉప్పెన జోరును మడ చెట్లు ఎలా తగ్గిస్తాయో వాళ్లకు ఎదురుగానే కనిపిస్తోంది.

కాలవలో నీళ్లు చాలక బోటు షికారు కుదరలేదు. యానాం వంతెన మీద గోదావరి పాయ గౌతమి దాటి ఇళ్లకు చేరాం.

మిగిలిన 1,850 రూపాయలతో ఎనిమిదో తరగతి వాళ్లు మొక్కల సంచులు కొన్నారు. వాళ్లను మొదటి రోజే కోరింగ తీసుకెళ్లాలి, పోటు వేళ కనుక్కుని.