వింటినారి దెబ్బ తగ్గడానికి ఏం మార్చాను: రెండేళ్లు వాడిన రికర్వ్ విల్లు, ఆర్మ్ గార్డు

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచిన నెలలోనే నేను విల్లు కొన్నాను. ఆమెది కప్పీలుండే కాంపౌండ్ విల్లు. నాది విడదీసి సంచిలో పెట్టుకునే రికర్వ్, అంటే కొసలు ముందుకు వంగి ఉండే విల్లు. పొడవు 68 అంగుళాలు, లింబుల మీద, అంటే పైనా కిందా వంగే బద్దల మీద, లాగే బరువు 30 పౌండ్లని రాసి ఉంది. దాంతోపాటే రెండు ఎలాస్టిక్ పట్టీలున్న ప్లాస్టిక్ ఆర్మ్ గార్డు. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో మా చిన్నాన్నగారి జీడితోట ఉంది. అక్కడ మట్టిగట్టుకు ఆనించిన గోనెసంచుల మీద వారానికి మూడు పొద్దులు బాణాలు వేస్తాను.

మొదటి నెల నారి ముంజేతిని కొట్టని రోజు లేదు. మోచేతి మడతకి రెండువేళ్ల కింద బెత్తెడు పొడవున ఎర్రగా తట్టు తేలేది. మర్నాటికి నేరేడుపండు రంగు, నాలుగోనాటికి పసుపు. "ఏటే గుంటా, సెయ్యి అలా కమిలిపోయింది? ఎవులు కొట్టారే?" అని మా అమ్మ కొబ్బరినూనె రాసేది.

గార్డు కట్టుకున్నా దెబ్బ దాని పై అంచు దాటి పడుతోంది. పైకి జరిపాను. నొప్పి పోయింది గానీ చప్పుడు పోలేదు, బాణాలు ఒకచోట పడటం లేదు. ముంజేతికి కట్టే తోలుపట్టీకి గోధ అని మన పాత మాట ఉంది. విలుకాడికి అది కావాల్సిందే. కానీ నొప్పిని దాచినన్నాళ్లూ నా తప్పును కూడా అదే దాచింది. అలా ఆరు నెలలు పోయాయి.

పట్టణంలో ఒకప్పుడు విలువిద్య నేర్పిన మాస్టారు ఒకాయన ఓ ఉదయం తోటకొచ్చి, విల్లు పక్కన పెట్టించి నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. "అరచెయ్యి గుమ్మానికి ఆనించమ్మా. ఇప్పుడు అరచెయ్యి కదలకుండా మోచెయ్యి ఒక్కటే తిప్పు" అన్నారు. నా మోచెయ్యి చాస్తే కాస్త అవతలికి వంగే రకం, దాని గుంట ఆకాశం వైపు తిరిగి ఉండేది. అలా ఉన్నప్పుడు మోచెయ్యి లోపలి కండ సరిగ్గా నారి దారిలోకి వస్తుంది. గుంట నిలువుగా, ఎదుటి చేతివైపు చూసేలా తిప్పితే ఆ కండ పక్కకు తప్పుకుంటుంది. చెప్పడానికి ఇంతే, చెయ్యి అలవాటు పడటానికి నాకు ఏడు వారాలు పట్టింది. రోజూ పళ్లు తోముకున్నాక వంటింటి గుమ్మం దగ్గర ఇరవైసార్లు.

రెండోది పట్టు. నేను గ్రిప్పును పిడికిట్లో బిగించేదాన్ని. బిగిస్తే మణికట్టు లోపలికి తిరిగి ముంజెయ్యి నారి వైపు వస్తుంది. బరువంతా బొటనవేలి కింది కండ మీద, ఆయుష్షు రేఖకి ఇవతలే పడాలి. వేళ్ల కణుపులు ఏటవాలుగా ఉండాలి. "పిడికిలి వదిలెయ్యమ్మా, విల్లు ఎక్కడికీ పోదు" అని మాస్టారు బొటనవేలికీ చూపుడువేలికీ కలిపి బూటు లేసు ముడేశారు. విల్లు జారిపోకుండా ఆపే స్లింగ్ నాకు ఈనాటికీ అదే.

ఇక విల్లు. అమ్మినవాళ్లు నా చేతుల కొలత అడగలేదు, అడగాల్సింది. రెండు చేతులూ బార్లా చాపితే నాకు 158 సెంటీమీటర్లు. రెండున్నరతో భాగిస్తే 63, అంటే నారిని వెనక్కి లాగే దూరం, అదే లాగుడు, దాదాపు 25 అంగుళాలు. దానికి 68 అంగుళాల విల్లు పెద్దది, 30 పౌండ్లు బరువు. బరువుకి విల్లు పట్టిన భుజం పైకి లేచి, మోచెయ్యి బిగుసుకుపోయేది. అదే రైజర్‌కు, అంటే విల్లు నడిమి భాగానికి, పొట్టి లింబులు తగిలిస్తే 66 అవుతుంది. 24 పౌండ్లవి తెప్పించాను. రాసే పౌండ్లు 28 అంగుళాల లాగుడుకు లెక్క. అంగుళం తగ్గితే సుమారు రెండు పౌండ్లు తగ్గుతాయి కాబట్టి నా వేళ్ల మీద పడేది 18. ఈ మార్పు ముందే చేసుంటే మోచెయ్యి ఇంకా త్వరగా దారికొచ్చేది.

కొత్త నారి సాగుతుంది. రెండు వారాలకే నారికీ గ్రిప్పుకీ మధ్య దూరం, అదే బ్రేస్ హైట్, ఏడుముప్పావు అంగుళాలకు జారింది. 66 అంగుళాల విల్లుకు అది ఎనిమిదింపావుకు తగ్గకూడదు. దూరం తగ్గితే నారి మణికట్టు దగ్గరిదాకా వచ్చి ఆగుతుంది. నారి ఎక్కించే, దించే తాడు స్ట్రింగర్‌తో విల్లు దించి, ఒక కొస ఊడదీసి, నారికి ఉన్న పురి వైపే మరికొన్ని పురులు ఎక్కించాను. ఎనిమిదిన్నరకి వచ్చింది. ఇప్పుడు సంచి తెరిచిన ప్రతిసారీ కొలుస్తాను.

తగులుతోందో లేదో తేలడానికి గార్డు మీద ముఖానికి రాసే పౌడరు పూస్తాను. పన్నెండు బాణాలయ్యాక గీత పడకపోతే సరే. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక్క గీతా పడలేదు. చలికి స్వెట్టర్ వేసుకున్న రోజు మాత్రం చెయ్యి బాగానే ఉన్నా స్లీవే నారికి తగిలింది. అరవై బాణాలు దాటితే భుజం లేస్తుంది, గీత పడుతుంది. అక్కడితో ఆపేస్తాను.

గార్డు ప్లాస్టిక్కు ఇంకా గట్టిగానే ఉంది. ఎలాస్టిక్ మాత్రం మన చెమటకి ఏడాదికే వదులైంది, టైలర్ దగ్గర కొత్తది కుట్టించాను. మా చిన్నాన్నగారి అమ్మాయి విల్లు కావాలంటోంది. దాని మోచెయ్యి నాకంటే వంగుతుంది. ప్రస్తుతానికి గుమ్మం దగ్గరే ఉంది.