ఆపుకోలేని మూత్రం, పనిచేయని మాత్రలు: బొటాక్స్, కాలి నరం, పేస్‌మేకర్‌లాంటి పరికరం – ఏది మేలు?

దూర ప్రయాణం ఉందంటే ముందు రోజు నుంచే నీళ్లు తాగడం తగ్గించే ఆడవాళ్లు మన ఇళ్లలో ఎందరో. మూత్రం వస్తోందని తెలిసిన క్షణం నుంచి మరుగుదొడ్డి చేరేలోపే చీర తడిసిపోతుంది. అడిగితే ‘వయసు మీదపడింది కదా’ అంటారు. ఇది ఓవర్‌యాక్టివ్ బ్లాడర్, అంటే మూత్రాశయం అతిగా స్పందించే సమస్య కావచ్చు, దీనికి చికిత్స ఉంది. ముందుగా మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో షుగర్ లేవని తేల్చుకోవాలి. ఆ తర్వాత కటి కండరాల వ్యాయామాలు, మూత్రాన్ని కాస్త కాస్తగా ఆపుకోవడం నేర్చుకునే సాధన, సోలిఫెనాసిన్, మిరాబెగ్రాన్ వంటి మాత్రలు. సోలిఫెనాసిన్ రకం మాత్రలతో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. అందుకే చాలామంది మధ్యలోనే మానేస్తారు.

ఆ తర్వాత పెద్ద ఆపరేషన్ లేని దారులు మూడున్నాయి.

ముఖం మీద ముడతలకు వాడే బొటాక్సే ఇక్కడా పనికొస్తుంది. మూత్రనాళం గుండా సన్నని గొట్టం పంపి, మూత్రాశయం గోడలో సుమారు 20 చోట్ల కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తారు. మొత్తం 100 యూనిట్లు. తిమ్మిరి మందు పెట్టి చేస్తారు, సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. గుణం రెండు వారాల్లో తెలుస్తుంది, దాదాపు ఆరు నెలలు ఉంటుంది. తగ్గాక మళ్లీ వేయించుకోవాలి.

చిక్కంతా ఒక్కచోటే. మందు కండరాన్ని మరీ సడలిస్తే మూత్రం పూర్తిగా బయటికి రాదు. అప్పుడు కొన్ని వారాలపాటు రోజూ తానే సన్నని గొట్టం పెట్టుకుని తీసేసుకోవాలి. నూటికి ఐదారుగురికి ఈ పరిస్థితి వస్తుంది. సంఖ్య చిన్నదే, కానీ కీళ్లవాతంతో వేళ్లు వంగని అమ్మమ్మకు, చూపు సరిగా ఆనని మనిషికి అది చిన్న విషయం కాదు. సూది వేయించుకునే ముందే ఆ గొట్టం ఒకసారి చేతిలోకి తీసుకుని ‘ఇది నేను పెట్టుకోగలనా?’ అని చూసుకోవాలి. పెట్టుకోలేనంటే బొటాక్స్ వద్దనే నా మాట.

రెండోది పిరుదు పైభాగంలో చర్మం కింద అమర్చే చిన్న పరికరం. వెన్ను అడుగున త్రికాస్థి రంధ్రం గుండా మూడో నరం పక్కకు తీగ పంపి, మూత్రాశయానికి వెళ్లే సంకేతాలను సరిచేస్తుంది. దీని గొప్పతనం పరీక్షించి చూసుకునే వీలులో ఉంది. ముందు తాత్కాలికంగా తీగ పెట్టి ఒకటి రెండు వారాలు గమనిస్తారు. ఎన్నిసార్లు వెళ్లారో, ఎన్నిసార్లు తడిసిందో రోజూ రాసుకోవాలి. కనీసం సగం తగ్గితేనే అసలు పరికరం పెడతారు. మలం ఆపుకోలేని ఇబ్బంది కూడా ఉంటే ఈ ఒక్కటే రెండింటికీ పనికొస్తుంది. ఖర్చు మాత్రం మూడింట్లోకెల్లా దీనికే ఎక్కువ. బ్యాటరీ అయిపోతే మార్చాలి, తీగ కదిలితే మళ్లీ చిన్న ఆపరేషన్. ఎం.ఆర్.ఐ. తీయించేముందు పరికరం ఉన్న సంగతి చెప్పాలి.

ఈ రెండింటినీ అమెరికాలో 381 మంది మహిళల మీద పోల్చి చూశారు. 2016లో వచ్చిన ఆ రోసెటా అధ్యయనంలో ఆరు నెలలకు రోజువారీ తడిసే సందర్భాలు బొటాక్స్‌తో సగటున 3.9, పరికరంతో 3.3 తగ్గాయి. మూత్ర ఇన్ఫెక్షన్లు మాత్రం బొటాక్స్ వారిలో 35 శాతం మందికి, పరికరం వారిలో 11 శాతం మందికి వచ్చాయి. అయితే అక్కడ వాడింది 200 యూనిట్లు, మామూలు మోతాదుకు రెట్టింపు. రెండేళ్ల తర్వాత చూస్తే తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

మూడోది అన్నిటికన్నా సౌమ్యమైనది. చీలమండకు లోపలివైపు, కొంచెం పైన సన్నని సూది గుచ్చి, అరగంటసేపు కాలి నరానికి స్వల్పంగా కరెంటు పంపుతారు. వారానికొకసారి చొప్పున 12 వారాలు, తర్వాత నెలకోసారి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి ఇది పనికిరాదు. ప్రమాదం దాదాపు లేదు, కానీ తీరిక కావాలి. ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంటే నేను ముందు దీన్నే చేయించుకోమంటాను. పన్నెండు వారాలూ ఊరి నుంచి బస్సెక్కి రావాలంటే, అసలు బాధే ప్రయాణం అయినవాళ్లకు అది అన్యాయం. వాళ్లకు చేతులు సహకరిస్తే బొటాక్స్, లేకుంటే ఖర్చు భరించగలిగితే పరికరం.