సిలికానా, ఫోమా, మూడంచెలదా: ఇయర్‌ఫోన్ టిప్స్‌లో ఏది మేలు?

కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్న వారంలోపే చాలామంది అనే మాట: "రివ్యూల్లో బేస్ అదిరిపోతుందన్నారు, నాకేమో డొల్లగా వినిపిస్తోంది." వెంటనే ఈక్యూలో, అంటే ఫోన్‌లో శబ్దం తీరు సర్దే సెట్టింగ్‌లో, బేస్ పెంచుతారు. అదీ కుదరకపోతే రిటర్న్ పెట్టేస్తారు. ఈ రెండు పనులకూ ముందు చూడాల్సింది చివర తొడిగి ఉన్న రబ్బరు ముక్కని, అంటే టిప్‌ని. డబ్బాలో మీడియం సైజు బిగించి పంపుతారు, మిగతా సైజుల కవరు చాలా ఇళ్ళలో విప్పకుండానే పోతుంది.

చెవి రంధ్రం సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, 7 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. అదీ తిన్నగా ఉండదు, రెండు వంపులు తిరుగుతుంది. బయటి మూడో వంతు మెత్తటి మృదులాస్థి, లోపలిదంతా ఎముక. ఇయర్‌ఫోన్ లోపలి డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్, చాలా చిన్నది కాబట్టి, టిప్‌కీ కర్ణభేరికీ మధ్య మూసుకుపోయిన ఆ కాస్త గాలిని నొక్కితేనే దానికి బేస్ పుడుతుంది. వాల్వు లీకయ్యే సైకిల్ పంపు కొట్టినట్టు, పక్కనుంచి గాలి తప్పించుకుంటే ఎంత పెద్ద డ్రైవరైనా ప్రయోజనం లేదు. గొంతులు, వయొలిన్ మాత్రం బాగానే వినపడతాయి. అందుకే లీకవుతోందన్న అనుమానమే రాదు, ఇయర్‌ఫోన్ నాసిరకం అనుకుంటాం.

పరీక్ష సులువు. మృదంగం బాగా పలికే కచేరీ రికార్డింగ్ ఒకటి పెట్టండి. మృదంగం ఎడమ వైపు, అంటే తొప్పి మీద, తడి రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుతోనే దానికి లోతైన నాదం వస్తుంది. అరచేతి కింది భాగంతో చర్మాన్ని నొక్కుతూ జరిపినప్పుడు వచ్చే గుమ్కీ ఒళ్ళు కదిలించేలా వినపడాలి. మృదంగం కుడి వైపు టక్ టక్ స్పష్టంగా ఉండి తొప్పి మాత్రం దూరంగా, పల్చగా ఉందంటే లీకే. ఇప్పుడు వేలితో ఇయర్‌ఫోన్‌ను కొద్దిగా లోపలికి నొక్కండి. గుమ్కీ ఒక్కసారిగా నిండుగా వచ్చిందా? అయితే సరిగ్గా అమరలేదన్నమాట, ముందు ఒక సైజు పెద్దది ప్రయత్నించండి. రెండు చెవులనూ విడివిడిగా చూడండి. చాలామందికి రెండూ ఒకేలా ఉండవు. ఒకదానికి మీడియం, రెండోదానికి లార్జ్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

సైజు తేల్చాకే ఏ రకం అన్న చర్చ. తప్పు సైజు ఖరీదైన టిప్ కంటే సరైన సైజు డబ్బా టిప్పే నయం.

సిలికాన్ సంగతి ముందు. పెట్టుకోవడం, తీయడం రెండు క్షణాల పని. మురికైతే టిప్ ఊడదీసి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఉంటుంది. శబ్దాన్ని పెద్దగా మింగదు కాబట్టి వీణ మీటు, తాళాల చివరి మెరుపు ఉన్నదున్నట్టు వినపడతాయి. వీటిలోనూ రకాలున్నాయి. నోరు వెడల్పుగా ఉన్న టిప్‌తో ట్రెబుల్ (సన్నటి, పై స్థాయి శబ్దాలు) తెరుచుకుంటుంది, సన్నగా ఉన్నదాంతో కొంచెం తగ్గి బేస్ ముందుకొచ్చినట్టుంటుంది. జపాన్ కంపెనీ ఫైనల్ వారి ‘టైప్-ఈ’ టిప్స్ ఐదు సైజుల్లో దొరుకుతాయి, ఎస్ఎస్ నుంచి ఎల్ఎల్ దాకా. మీడియం వదులు, లార్జ్ బిగువు అయ్యేవాళ్ళు అవీ చూడొచ్చు. స్పిన్‌ఫిట్ టిప్స్‌కి మెడ దగ్గర తిరిగే వీలుంటుంది, రంధ్రం వంపు ఎక్కువున్న చెవులకు అది పనికొస్తుంది.

సిలికాన్‌తో చిక్కు జారడం. తలకు నూనె రాసుకునే అలవాటున్నవాళ్ళకు ఇది రోజూ తెలిసే బాధ: చెవి ముందు భాగంలో చేరిన జిడ్డుకు టిప్ మెల్లగా బయటికొస్తుంది. చెవినీ టిప్‌నూ పొడి గుడ్డతో తుడిస్తే చాలావరకు ఆగుతుంది. రెండోది దవడ. నోరు కదిపినప్పుడల్లా మృదులాస్థి భాగం ఆకారం మారుతుంది, అందుకే ఫోన్‌లో మాట్లాడుతుంటేనో, చెగోడీలు నములుతుంటేనో బేస్ వచ్చి పోతూ ఉంటుంది.

ఫోమ్ సరిగ్గా అక్కడే గెలుస్తుంది. వేళ్ళ మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే మెల్లగా ఉబ్బి రంధ్రం ఎలా ఉంటే అలా అమరుతుంది. దవడ కదిలినా దాంతో పాటే సాగి, అణిగి, ఖాళీ రానివ్వదు. సిలికాన్ ఏ సైజూ పట్టని చెవులకు ఇదే దారి. బయటి రొద కూడా ఎక్కువ ఆపుతుంది. రాత్రి బస్సులో ఇంజిన్ మీద సీటు దొరికిందనుకోండి, సిలికాన్‌తో వాల్యూమ్ ముప్పావు దాకా పెంచాల్సిన చోట ఫోమ్‌తో సగం దగ్గర ఆపొచ్చు. ఇది చిన్న లాభం కాదు. 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 దగ్గరకు వచ్చేసరికి అది 4 గంటలకు పడిపోతుంది.

అయితే ఫోమ్ పెట్టుకోవడం కొంచెం తంతు. కుడి చెవికి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి తల మీదుగా తెచ్చి కుడి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగాలి. అప్పుడు రంధ్రం తిన్నబడుతుంది. నలిపిన ఫోమ్‌ను లోపలికి పంపి ఇరవై ముప్పై సెకన్లు వేలితో ఆపి పట్టుకోవాలి. వదిలేస్తే ఉబ్బుతూ అదే వెనక్కి వచ్చేస్తుంది. ఏసీ గదిలో ఫోమ్ గట్టిపడి నెమ్మదిగా తెరుచుకుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం ఇట్టే తెరుచుకుంటుంది. ఆఫీసులో పదినిమిషాలకోసారి ఎవరో ఒకరు పిలిచే ఉద్యోగమైతే ఈ తంతు భరించలేరు.

శబ్దంలోనూ తేడా ఉంది. ఫోమ్ ట్రెబుల్‌ను కొంత పీల్చేస్తుంది. పాటలో స, శ, ష వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుండే ఇయర్‌ఫోన్స్‌కి ఇది మందు. అసలే మెత్తగా, మూసినట్టుండే వాటికి పెడితే మాత్రం నాదస్వరం కూడా దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుంటుంది. ఇంకో మాట: ఆ స, శ, ష బాధకు ఫోమ్ కొనేముందు టిప్ లోతు చూడండి. ఇయర్‌ఫోన్ పైపైన నిలిస్తే రంధ్రంలో ఊగే గాలి పొడవు పెరిగి, అక్కడి ప్రతిధ్వని స, శ, షలుండే ప్రాంతానికి దిగుతుంది. కాస్త లోపలికి వెళితే అది పైకి జరిగిపోతుంది. కొందరికి సైజు తగ్గించడమే మందు, ఎందుకంటే పెద్ద టిప్ గుమ్మంలోనే ఆగిపోయి ఉంటుంది. ఇందాక పెద్దది ప్రయత్నించమన్నానే, దానితో కుదరకపోతే ఇటు రండి.

ఫోమ్ ఖర్చు తెగేది కాదు. కంప్లై లాంటి పేరున్న కంపెనీవి మూడు జతలు కొంటే వెయ్యి దాటుతుంది, అవీ కొన్ని నెలలే. చెమట, గులిమి, నూనె పీల్చుకుని గట్టిపడతాయి. కడిగి వాడేవీ కావు. తలంటు పోసుకుని తడి చెవుల్లో ఫోమ్ దూర్చడం అసలు వద్దు. తేమా వేడీ కలిసి చెవిలో ఫంగస్‌కు ఇల్లు కట్టిస్తాయి. చెవి దురద, చీము ఒకసారి వచ్చినవాళ్ళు ఫోమ్ జోలికి పోకుండా సిలికాన్‌తోనే సర్దుకోవడం మంచిది.

మూడంచెల టిప్ అంటే ఒకదాని వెనక ఒకటి మూడు గొడుగులున్నది. దీనికి పేరు తెచ్చింది అమెరికా కంపెనీ ఎటిమోటిక్. మీడ్ కిలియన్ స్థాపించిన ఆ సంస్థ 1991లో తెచ్చిన ఈఆర్-4 ఇయర్‌ఫోన్‌కి ఇవే తొడిగేవారు. లోతుగా, ఎముక భాగం దగ్గరదాకా వెళుతుంది. బయటి శబ్దాన్ని ఆపడంలో దీన్ని మించింది తక్కువ. మన గొంతు మనకే బుర్రలో మోగడం కూడా తగ్గుతుంది. కానీ అక్కడి చర్మం పల్చన, నొప్పి త్వరగా తెలుస్తుంది. వైరు చొక్కాకు రాసుకున్న చప్పుడు కూడా తలలోకి వస్తుంది, క్లిప్ పెట్టుకోక తప్పదు. మిక్సింగ్ చేసేవాళ్ళకు, రొద మధ్య స్వరస్థానాలు జాగ్రత్తగా వినాల్సినవాళ్ళకు ఇది విలువైనదే. పడుకుని పాటలు వినేవాళ్ళకు నేను చెప్పను.

చెవి అచ్చు తీసి చేయించే కస్టమ్ ఇయర్‌ఫోన్స్ వేదిక మీద పాడేవాళ్ళవి. 1995లో సౌండ్ ఇంజనీర్ జెర్రీ హార్వే రాక్ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హాలెన్ కోసం చేసిన వాటితో ఈ తరహా పేరుకెక్కింది. మన నగరాల్లో హియరింగ్ ఎయిడ్ సెంటర్లవాళ్ళు అచ్చు తీస్తారు. సరిగ్గా కుదిరితే హాయే. కానీ ఖరీదు ఎక్కువ, ఇంకొకరికి అమ్ముకోలేం. సరదాకి వినేవాళ్ళకు అనవసరం.

ఇంట్లో, ఆఫీసులో, నడకలో వినేవాళ్ళకు సరైన సైజు సిలికాన్ చాలు. నా ఓటు అటే. రోజూ బస్సు, రైలు ప్రయాణమున్నవాళ్ళు, సిలికాన్ ఏదీ నిలవనివాళ్ళు ఫోమ్ తీసుకోండి. రెండూ దగ్గరుంచుకుని ప్రయాణానికి ఒకటి, ఇంటికి ఒకటి మార్చుకునేవాళ్ళూ ఉన్నారు, అదీ మంచి పద్ధతే. బండి నడిపేటప్పుడు మాత్రం ఏదీ వద్దు.

కొనేముందు నాజిల్, అంటే టిప్ ఎక్కే గొట్టం, మందం చూడాలి. షూర్, వెస్టోన్, ఎటిమోటిక్ నాజిళ్ళు సన్నం. మూన్‌డ్రాప్, కేజెడ్ లాంటివి లావు. ఒకదానిది ఇంకొకదానికి ఎక్కదు, ఎక్కినా చెవిలోనే ఊడిపోవచ్చు. పెట్టుకునేటప్పుడు కాగితం నలిగినట్టు చిటపట వినపడితే కంగారు పడకండి. బిగుతు సీల్‌కి గాలి నొక్కుకుని డ్రైవర్ పొర వంగిన చప్పుడది. చెవిని పైకి లాగి నెమ్మదిగా పెడితే తగ్గుతుంది.

వైర్‌లెస్ బడ్స్‌కి ఇంకో అడ్డంకి. ఎయిర్‌పాడ్స్ ప్రో టిప్ కోలగా ఉండి దాని బిగింపే వేరు, మామూలు టిప్ ఎక్కదు. సోనీ 2021లో తెచ్చిన డబ్ల్యూఎఫ్-1000ఎక్స్‌ఎమ్4 డబ్బాలోనే ఫోమ్ ఇచ్చింది కాబట్టి అక్కడ సమస్య లేదు. మిగతావాటికి బయట కొన్న టిప్ పొడవైతే కేస్ మూత పడదు, లేదా పడినా బడ్ పైకి లేచి చార్జింగ్ పిన్‌కు తగలదు. ఒక బడ్ నిండి, రెండోది ఖాళీగా ఉంటే బ్యాటరీ పోయిందనుకోకుండా పాత టిప్ తొడిగి చూడండి. టీడబ్ల్యూఎస్ (ట్రూ వైర్‌లెస్) అని రాసి పొట్టిగా చేసిన టిప్స్ విడిగా దొరుకుతాయి, వాటినే అడగండి.