ఏది మేలు? సాలిగ్రామంలో మా ఇంటి సినిమా పంచాయితీ

ఈ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఒక ఒప్పందం కుదిరింది. వారానికి రెండు సినిమాలు. ఒకటి పిల్లలు చెప్పింది, ఇంకొకటి నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తయ్య చెప్పింది. అయితే రెండూ ఒకే కోవకు చెందినవి కావాలి. ఆమె పాత డిటెక్టివ్ సినిమా అడిగితే పిల్లలు కొత్త డిటెక్టివ్ సినిమా ఎంచుకోవాలి. రెండూ చూశాక ఏది మేలో తేల్చాలి. తీర్పు చెప్పే పని నా నెత్తిన పడింది, ఎందుకంటే మా వారు ఇంటర్వెల్ దాకా కూడా మెలకువగా ఉండరు.

తీర్పు చెప్పాలంటే ఏదో ఒక కొలత ఉండాలి కదా. నా కొలత విమర్శకులు ఒప్పుకునేది కాదు. మా పిల్లలు పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే. 2006లో చట్టం వచ్చినప్పటి నుంచి ఇక్కడి బళ్ళలో తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. దాని మీద నాకు ఫిర్యాదేమీ లేదు, ఉన్న ఊరి భాష రాకపోతే ఎట్లా? కానీ వాళ్ళకి తెలుగు చదవడం రాదు. చెవులతో విన్నదే తెలుగు. ఆ వినేది కూడా "అన్నం తిను", "ఫోన్ పక్కన పెట్టు", "స్నానం చేశావా" దగ్గరే ఆగిపోతోంది. అందుకని సినిమా అయిపోయిన మర్నాడు ఇంట్లో ఎన్ని కొత్త మాటలు మిగిలాయో లెక్కపెట్టుకున్నాను. ఎక్కువ మాటలు మిగిల్చింది గెలిచినట్టు.

మొదటి వారం 'మాయాబజార్' (1957), 'కల్కి 2898 ఏడీ' (2024). ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడం అన్యాయమని మా వారి అభిప్రాయం. నాకు మాత్రం ఇంతకంటే సరైన జోడీ దొరకదనిపించింది. రెండూ దాదాపు మూడు గంటలు. రెండూ భారతం నుంచి పుట్టినవే, రెండూ భారతంలో పక్కన నిలబడ్డ మనిషిని ముందుకు తెచ్చినవే. అక్కడ ఘటోత్కచుడు, ఇక్కడ అశ్వత్థామ. 'మాయాబజార్'లో పాండవులు ఒక్కరూ తెర మీదికి రారు. 'కల్కి'లో కృష్ణుడు వస్తాడు గానీ ముఖం చూపించరు. "పాండవులు లేని భారతం చూశాను గానీ మొహం లేని కృష్ణుణ్ణి ఇప్పుడే చూస్తున్నా" అంది అత్తయ్య. ఎన్టీఆర్ ముఖాన్నే కృష్ణుడి ముఖమనుకుని పెరిగిన తరం మరి.

'కల్కి'ని మేం మొదటిసారి చూసింది రిలీజైనప్పుడు, వడపళనిలో, ఆర్కాట్ రోడ్డు మీది నెక్సస్ విజయా మాల్‌లో. ఆ మాల్ కట్టిన స్థలం ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియోది. 'మాయాబజార్' తీసింది ఆ స్టూడియోలోనే. నాగిరెడ్డి–చక్రపాణిల 'చందమామ' కూడా వడపళని నుంచే వచ్చేది. అశ్వత్థామ పోరాటం చూసి, పాప్‌కార్న్ డబ్బా పట్టుకుని ఎస్కలేటర్ దిగుతుంటే ఈ సంగతి పిల్లలకి చెప్పాను. "అయితే ఘటోత్కచుడు పార్కింగ్‌లో ఉండేవాడా?" అన్నాడు మావాడు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఈ వేసవిలో వాణ్ణి కూచోబెట్టి అసలు ఘటోత్కచుణ్ణి చూపించాను.

నలుపు తెలుపైతే చూడనని మొండికేశాడు. 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రతి పెట్టాను. రంగుల్లో బాగానే ఉంది. కానీ పడవలో పాట వచ్చేసరికి నాకు మనసొప్పలేదు. కెమెరామన్ మార్కస్ బార్ట్లే సృష్టించిన ఆ వెన్నెలకి రంగు పూస్తే, పాలల్లో పసుపు కలిపినట్టు ఉంది. ఆ ఒక్క పాటా మళ్ళీ నలుపు తెలుపులో పెట్టాను. అప్పుడు మావాడూ కిక్కురుమనలేదు.

వివాహభోజనం దగ్గర పూర్తిగా పడిపోయాడు. లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తుంటే రిమోట్ లాక్కుని మూడుసార్లు వెనక్కి తిప్పాడు. "అమ్మా, ఇది ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారు?" "మార్కస్ బార్ట్లే అనే సాఫ్ట్‌వేర్" అన్నారు మా వారు, కళ్ళు మూసుకునే.

ఇక మాటల లెక్క. 'కల్కి' నుంచి మా ఇంట్లో మిగిలింది ఒక్కటే, అందులోని కారు పేరు 'బుజ్జి'. మావాడు తన సైకిల్‌కి ఆ పేరు పెట్టాడు. అదీ కొత్త మాట కాదు, మా వీధిలో ప్రతి రెండో తెలుగింట్లో ఒక బుజ్జి ఉంటుంది. కాంప్లెక్స్, యూనిట్లు వంటివి వాడికి ముందే తెలుసు. అంత పెద్ద లోకాన్ని నాగ్ అశ్విన్ కళ్ళకు కట్టాడు. గాలిలో తలకిందులుగా వేలాడే ఆ పిరమిడ్‌ని చూస్తే నాకూ నోట మాట రాలేదు. బహుశా అదే చిక్కు. నోట మాట రాకుండా చేసే సినిమా అది.

'మాయాబజార్' నోట మాట పుట్టించే సినిమా. పింగళి నాగేంద్రరావు అందులో ఏకంగా ఒక దృశ్యమే రాశాడు, మాటలు ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎలా పుడతాయని. మర్నాటికి మా అపార్ట్‌మెంట్ క్రికెట్ జట్లు 'అస్మదీయులు', 'తస్మదీయులు' అయిపోయాయి. అందులో సగం మంది తమిళ పిల్లలు, ఇద్దరు హిందీ వాళ్ళు. ఒత్తులు సరిగ్గా పలకనివాణ్ణి బ్యాటింగ్‌కి దింపనని మావాడు రూలు పెట్టాడట. హాల్లో ఉన్న పాత సోఫా-కమ్-బెడ్, మధ్యలో మడత ఊడి మనిషిని కిందకి దొర్లిస్తుంది, దాని పేరు ఇప్పుడు 'గిల్పం'. అసోసియేషన్ కమిటీలోని నలుగురికీ మా అమ్మాయి ఏ పేరు పెట్టిందో నేను రాయను, మీరే ఊహించుకోండి.

ఈ పోటీలో ఊహించని మూడో పక్షం ఎదురింటి మామి. పాట వినిపించి వచ్చింది. "మాయాబజార్ మా సినిమా కదా, మీరు తెలుగు డబ్బింగ్ ఎందుకు చూస్తున్నారు?" అని అడిగింది. అత్తయ్య ముఖం చూడాలి! తప్పు మామిది కాదు. అదే ఏడాది అదే స్టూడియోలో తమిళంలోనూ తీశారు. అక్కడ అభిమన్యుడు జెమినీ గణేశన్. ఆమెకి అది 'కల్యాణ సమయల్ సాదం', తిరుచ్చి లోకనాథన్ పాడింది. మాకు మాధవపెద్ది సత్యం పాడింది. మామి తన ఫోన్‌లో తనది పెట్టింది, మేం టీవీలో మాది.

ఏది మేలు? రంగారావు ఒక్కడే, నవ్వూ అదే, బొజ్జ నిమురుకోవడమూ అదే. తేడా అంతా వంటల జాబితాలో ఉంది. తెలుగులో గారెలు, బూరెలు, అరిసెలు, పులిహోర, దప్పళం. తమిళంలో పుళియోదరై, సాంబారు, పూరీ-కిళంగు. పూరీ, బంగాళాదుంప కూర తినే రాక్షసుణ్ణి తలుచుకుంటే నాకు నవ్వాగలేదు. మామికి మాత్రం దప్పళం అంటే ఏమిటో అర్థం కాలేదు. అత్తయ్య చెప్పడం మానేసి, మర్నాడు గుమ్మడికాయ, ములక్కాడ, చిలగడదుంప ముక్కలు దండిగా వేసి చేసి గిన్నెతో పంపింది. సాయంత్రం గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది. "సాంబారే, కాకపోతే పప్పు వేయడం మరిచిపోయారు" అన్నది మామి తీర్పు.

ఇంకో సంగతి అప్పుడే నాకు తట్టింది. రెండు భాషల్లోనూ ఎన్టీఆర్, సావిత్రి, రంగారావు ఉన్నారు. లక్ష్మణకుమారుడు మాత్రం మారాడు. ఇక్కడ రేలంగి, అక్కడ తంగవేలు. కృష్ణుడు భాష దాటగలిగాడు గానీ నవ్వించేవాడు దాటలేకపోయాడు.

డిటెక్టివ్‌ల వారం త్వరగా తేలిపోయింది. అత్తయ్య 'చంటబ్బాయ్' (1986) అంది, పిల్లలు 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) అన్నారు. కేసు సంగతి చూస్తే ఆత్రేయే మేలు, అందులో నాకు సందేహం లేదు. నెల్లూరులో చిన్న ఆఫీసు, దానికి ఎఫ్‌బీఐ అని బోర్డు, విప్పితే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నవ్విస్తూనే తీసుకెళ్ళి రైలు పట్టాల పక్క శవాల దగ్గర నిలబెడతాడు. అత్తయ్య తన ఊరి సందులు వెతుక్కుంటూ సగం కథ వదిలేసింది. 'చంటబ్బాయ్'లో మొదటి సగం ఒక కేసు, రెండో సగం ఇంకో కేసు. మధ్యలో కథ ఎటు పోతోందో జంధ్యాలకే పట్టలేదనిపిస్తుంది. కానీ పత్రికాఫీసులో ఎడిటర్‌ని తన కవిత్వంతో చంపుకుతినే శ్రీలక్ష్మి వచ్చాక కథ ఎవరికి కావాలి? మా అమ్మాయి రెండు రోజుల పాటు తనూ కవయిత్రినేనంది, వినకపోతే ఊరుకోనంది. కేసుకి ఆత్రేయ, నోటికి చంటబ్బాయ్.

కాలయంత్రాల దగ్గర నేను అత్తయ్యతో గొడవపడ్డాను. సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' (1991) ముందు ఏదీ నిలవదంటుంది ఆమె. కృష్ణదేవరాయల కాలానికి తీసుకెళ్ళి, అక్కడ తెనాలి రామకృష్ణుణ్ణి కూడా పలకరించి, మళ్ళీ 2504వ సంవత్సరానికి దూకిస్తాడు. ఇళయరాజా పాటలు సరేసరి. రాయల కొలువు ఉన్నంతసేపూ తెలుగు వింటుంటే చెవికి విందు. భవిష్యత్తులోకి పోయాక మాత్రం మావాడు నవ్వడం మొదలుపెట్టాడు, ఆ అట్టపెట్టెల్లాంటి గదులు చూసి. కాలం మీద తీసిన సినిమాని కాలమే ఎక్కిరిస్తుంది, ఏం చేస్తాం.

'ఒకే ఒక జీవితం' (2022)లో అంత ఆర్భాటం లేదు. ముగ్గురు స్నేహితులు 1998కి వెళ్తారు, ఒకడు పోయిన అమ్మని దక్కించుకోవడానికి. అమలని ఆ అమ్మగా చూస్తుంటే మా వారు నిద్రపోలేదు. ఒకసారి లేచి మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. వాళ్ళమ్మ పక్క గదిలోనే ఉంది, అయినా. మాటల లెక్కలో ఈ సినిమాకి సున్నా. నా తీర్పు మాత్రం దీనికే. కొలత పెట్టుకుంది నేనే కాబట్టి తప్పే హక్కూ నాదే.

దీన్ని కూడా తెలుగులో, తమిళంలో ఒకేసారి తీశారు. తమిళంలో పేరు 'కణం'. శర్వానంద్, అమల రెండింటిలోనూ ఉన్నారు. స్నేహితులు మారారు. ఇక్కడ వెన్నెల కిశోర్, ప్రియదర్శి ఉన్నచోట అక్కడ సతీష్, రమేష్ తిలక్. అరవై అయిదేళ్ళు గడిచినా రేలంగి–తంగవేలు సూత్రం మారలేదన్నమాట. ఏడుపు రెండు భాషలకీ సరిపోతుంది, నవ్వు మాత్రం ఏ భాషది ఆ భాషలోనే వండుకోవాలి.

చివరి వారం ఇంటింటి కథలు. 'గుండమ్మ కథ' (1962), 'బలగం' (2023). ఇక్కడ అత్తయ్య గెలుస్తుందని అందరం అనుకున్నాం. సూర్యకాంతం గొంతు విప్పితే పక్క ఫ్లాట్ వాళ్ళు కూడా సర్దుకుని కూచుంటారు. అంజిగాడు ఆమెనే బురిడీ కొట్టించడం చూసి పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కానీ ఆ ఇంట్లో ఎవరికీ నిజంగా దెబ్బ తగలదు. చివరికి అన్నీ సర్దుకుంటాయని మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది.

'బలగం' మొదట్లో మా నెల్లూరు చెవులకి అంత తేలిగ్గా పట్టలేదు. అత్తయ్య రెండుసార్లు "ఏమన్నాడు?" అని అడిగింది. మా అమ్మాయి, తెలుగు చదవడం రాని పిల్ల, అర్థం చెప్పింది! నాకు నోరు తెరుచుకుపోయింది. కొమురయ్య చనిపోతాడు, పిట్ట ముద్ద ముట్టదు, బంధువుల్లో ఎవరి గుండెలో ఏం ముల్లు ఉందో ఒక్కొక్కటీ బయటికొస్తుంది. ఆ ఇంటి అల్లుడు ఇరవై ఏళ్ళుగా అత్తారింటికి దూరమైంది ఒక నల్లి బొక్క దగ్గర. విందులో తనకి పడాల్సిన ఎముక ముక్క పడలేదు, అంతే. విననివాళ్ళకి అది నవ్వులాట. పెళ్ళిళ్ళలో పెద్దల పక్కన కూచున్నవాళ్ళకి ఎముక ఎంత బరువో తెలుసు. చివర్లో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పాత సినిమాల్లో తెలుగంటే ఎక్కువగా కోస్తా తెలుగే. తెలంగాణ మాట వినిపిస్తే అది తరచూ నవ్వించడానికే అయ్యేది. 'బలగం'లో ఆ మాటే ఏడుస్తుంది, తిడుతుంది, క్షమిస్తుంది. నా కొలత ప్రకారం ఇది 'మాయాబజార్'తో సమానం. ఒకటి మాటలు పుట్టించింది, ఇంకొకటి పుట్టిన మాటలకి గౌరవం తెచ్చింది. 'గుండమ్మ కథ' మూడో సారి కూడా చూస్తాను, అది వేరే సంగతి.

మొన్న ఆదివారం అత్తయ్యని గుడికి తీసుకెళ్తామని చెప్పి, వాన వస్తోందని మానుకున్నాం. ఆమె ఏమీ అనలేదు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. మళ్ళీ పిలిస్తే అటు తిరిగి పడుకుంది. నేనూ మా వారూ మొహాలు చూసుకుంటున్నాం. మా అమ్మాయి కంచం ముందు కూచుని, ఎటూ చూడకుండా, "నానమ్మకి నల్లి బొక్క దొరకలేదు" అంది.

ఒక్క క్షణం ఇల్లంతా నిశ్శబ్దం. తర్వాత ఆ గదిలోంచి అత్తయ్య నవ్వు. "వెయ్యండ్రా దీనికో వీరతాడు!"

అన్నానికి మాత్రం సాయంత్రం దాకా రాలేదు.