దర్గామిట్టలో పిల్లల కథల క్లాస్, మాకైతే బలే నచ్చింది

దర్గామిట్టలో ఆదివారం పొద్దున పిల్లల చేత పాత తెలుగు సాహిత్యం చదివించే క్లాస్ ఉంది, మా పాప ఏడో తరగతి, చేర్పించాం. ఇప్పుడు తిక్కన విరాటపర్వం నడస్తా ఉంది, మన నెల్లూరు కవి కదా, భారతంలో ఆయన రాసిన 15 పర్వాల్లో మొదటిది అదే. పద్యం చదివి అర్థం చెప్పాక మేడమ్ తీర్పు మాత్రం చెప్పరు, ఉత్తరుడు అంతఃపురంలో అన్ని కోతలు కోసి కౌరవ సైన్యం కనపడగానే రథం దిగి పరిగెత్తాడు కదా, వాడు పిరికోడా లేకపోతే యుద్ధమంటే ఏందో తెలీని పిల్లోడా అని అడిగి వదిలేస్తారు, ఇంక పిల్లలు ఒకటే వాదన! మా పాపైతే భయపడినోడే మళ్ళీ వచ్చి అర్జునుడికి రథం తోలాడుగా, అదీ ధైర్యమే అనింది. గైడ్ బట్టీ కొడితే ఇట్టాంటి ఆలోచన రాదండీ. కీచకుడు సభలో ద్రౌపదిని తన్నినా విరాటుడు ఏం చెయ్యలేదెందుకు అనే దాని మీద కూడా బాగా మాట్లాడించారు, అధికారం, భయం ఇవన్నీ అందులోనే వచ్చేశాయి.

నచ్చనిది ఒకటే, మూడో క్లాస్ పిల్లల్ని కూడా కలిపి కూర్చోబెడతారు, పాపం వాళ్ళకి పద్యం అందదు. ఆరో క్లాస్ పైన పిల్లలుంటే మాత్రం తప్పకుండా పంపించండి.