గీసిన జ్యామితి, మలచిన జ్యామితి

పింగాణీ పళ్లెం మీద చదరాలు, త్రిభుజాలు గీయడం ఒక పద్ధతి. పళ్లాన్నే కోణాలతో మలచడం ఇంకో పద్ధతి. ఈ రెండూ 1923 ప్రాంతంలో రష్యాలోని పెట్రోగ్రాడ్ (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ప్రభుత్వ పింగాణీ ఫ్యాక్టరీలో పక్కపక్కనే కనిపించాయి. సుయేతిన్, చాష్నిక్ అనే చిత్రకారులు మామూలు గుండ్రటి తెల్ల సామాను మీద చదరాలూ పట్టీలూ వేశారు. వాళ్ల గురువు మలేవిచ్ ఏకంగా కప్పునే నిలువునా సగానికి కోసినట్టు చేశాడు. చూడ్డానికి అద్భుతమే, అందులో టీ తాగమంటే మాత్రం ఆలోచిస్తాను.

ఆకారంతో ఆడుకోవడం కష్టం. పింగాణీ 1300 డిగ్రీల దగ్గర కాలేటప్పుడు కాస్త మెత్తబడి కుంచించుకుపోతుంది. గుండ్రటి గిన్నె అన్ని వైపులా ఒకేలా తగ్గుతుంది. చదరపు పళ్లేనికి అంచులు వంకర పోతాయి. పదునైన అంచు మీద గ్లేజు, అంటే గాజులాంటి పై పూత, పలచబడుతుంది, వాడకంలో ముందు పెచ్చు లేచేదీ మూలే. అయినా పలకలు తేలిన తెల్లటి టీపాట్‌కి రంగు అక్కర్లేదు. ఆ పలకల మీద వెలుగునీడలే డిజైన్.

గీసిన డిజైన్‌కైతే ఒకే అచ్చు చాలు, ఎన్ని రకాలైనా వేసుకోవచ్చు. కాకపోతే గ్లేజు పైన వేసిన రంగు చెంచాలకూ డిష్‌వాషర్‌కూ మెల్లగా అరుగుతుంది. గ్లేజు కింది కోబాల్ట్ నీలానికి ఆ బెంగ లేదు. బంగారు గీతలుంటే మైక్రోవేవ్ మర్చిపోవాలి.

రోజువారీ వాడకానికి నా ఓటు నీలి గీతల గుండ్రటి పళ్లేనికే. టీపాట్ మాత్రం పలకలదే కావాలి.