పదహారేళ్లు వాడిన పనిముట్లు: నాణ్యత, ధర, వారంటీల గురించి నా అనుభవం

విజయవాడ ఆటోనగర్‌లో కార్లు, చిన్న లారీల మరమ్మతు షెడ్డు నడపడం మొదలుపెట్టి పదహారేళ్లయింది. ఇన్నేళ్లలో సొంత డబ్బుతో కొన్న పనిముట్లలో ఏవి ఇప్పటికీ రోజూ చేతిలోకి వస్తున్నాయో, ఏవి పెట్టె అడుగున తుప్పు పడుతున్నాయో చూసుకుంటే, పేరును, ధరను, అట్టపెట్టె మీది వారంటీ ముద్రను నమ్మి కొన్నవాటి కంటే, నట్టును ఆ పనిముట్టు ఎలా పట్టుకుంటుందో చేత్తో చూసి కొన్నవే ఎక్కువగా నిలిచాయి. కొత్తగా షెడ్డు పెట్టుకునేవారికి ఉపయోగపడుతుందని ఆ వివరాలు రాస్తున్నాను.

ముందుగా రింగు స్పానర్ల సంగతి. షెడ్డు తెరిచిన ఏడాది నాసిక్‌లో తయారయ్యే టపారియా వారి పన్నెండు రింగు స్పానర్ల సెట్ కొన్నాను. అప్పట్లో వెయ్యి రూపాయల చిల్లర అయింది. ఆ సెట్టే నేటికీ వాడుతున్నాను. బొటనవేలు ఆనేచోట పైపూత అరిగి లోపలి ఉక్కు కనిపిస్తోంది గానీ, 12-13 స్పానర్‌ను (ఈ అంకెలు మిల్లీమీటర్లలో సైజులు) కొత్త బోల్టు తలకు తొడిగి అటూ ఇటూ కదిపితే వదులు దాదాపు లేదు. మారుతి, టయోటా వంటి జపాన్ నమూనా బండ్లలో ఎక్కువగా 10, 12, 14, 17 సైజులే పడతాయి. యూరప్ నమూనా బండ్లయితే 13, 16, 18 అడుగుతాయి. మా దగ్గరికి మొదటి రకమే ఎక్కువ కాబట్టి, 14-15 స్పానర్‌లో 14 వైపు నున్నగా తెల్లబడిపోగా, 15 వైపు నిన్న కొన్నట్టే ఉంది. అందుకే ఒకేసారి ఖరీదైన పెద్ద సెట్ తీసుకోవడం కంటే, మామూలు ధరలో మంచి సెట్ ఒకటి తీసుకుని, రోజూ అరిగే నాలుగైదు సైజులను మాత్రం మేలైన రకంలో విడిగా కొనడం లాభమని నా అభిప్రాయం.

దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో తుప్పు లేని 12, 14 బోల్టులు రెండు వేసుకుని వెళతాను. స్పానర్ తొడిగి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, రింగు లోపలి అంచు బోల్టు తల మూలల మీద ఆనుతోందో, మూలకు కాస్త ఇవతల చదును భాగం మీద ఆనుతోందో కనిపిస్తుంది. చదును మీద ఆనితే, ఎంత బిగిసిన బోల్టునైనా మూలలు చెడకుండా తిప్పే అవకాశం ఎక్కువ. మూల మీదే ఆనే స్పానర్ ఎంత మెరిసినా, తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టు దగ్గరికి వచ్చేసరికి తలను గుండ్రం చేసి వదిలేస్తుంది. అలా పాడైన ఒక్క బోల్టును వెల్డింగ్ పెట్టి తీయడానికి పట్టే సమయంతో పోలిస్తే రెండు స్పానర్ల మధ్య ధర తేడా చాలా చిన్నది.

వారంటీ విషయంలో నాకు తగిలిన దెబ్బ రాచెట్ వల్ల, అంటే నట్టు మీద తొడిగే సాకెట్‌ను బిగించి ఒకవైపుకే తిప్పే పిడి వల్ల. నాలుగేళ్ల క్రితం జీవితకాల వారంటీ అని రాసి ఉన్న నూటికి పైగా ముక్కల సెట్ ఒకటి కొన్నాను. ఎనిమిది నెలలకు చక్రం నట్టు ఊడదీస్తుండగా రాచెట్ లోపలి పళ్లు జారి, నా కుడి చేతి వేళ్ల కణుపులు బ్రేక్ డ్రమ్ముకు కొట్టుకుని తోలు లేచిపోయింది. బలం పెంచడానికి పిడికి గొట్టం తొడగలేదు, చేతి బలంతోనే తిప్పాను. దుకాణంలో అడిగితే, దిగుమతిదారు వేరే రాష్ట్రంలో ఉన్నారని, ఖర్చు పెట్టుకుని మీరే కొరియర్ చేయాలని అన్నారు. బిల్లు తీసి చూస్తే, వేడితో అచ్చయ్యే ఆ పలుచని కాగితం మీద అక్షరాలన్నీ మాసిపోయి తెల్లగా మిగిలింది. చివరికి కొత్త రాచెట్ కొనుక్కున్నాను. ఆ రోజు నుంచి ప్రతి బిల్లునూ ఇంటికి చేరేలోపే ఫోన్‌లో ఫొటో తీసి పెడుతున్నాను.

అసలు జీవితకాల వారంటీ అన్న మాట సాధారణంగా తయారీ లోపానికే వర్తిస్తుంది. అరుగుదల, గొట్టం తొడిగి తిప్పడం, సుత్తితో కొట్టడం అందులోకి రావు. కోసే అంచులను, బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచీలను చాలా కంపెనీలు విడిగా మినహాయిస్తాయి. కాబట్టి వారంటీ ఎన్నేళ్లన్నది కాదు, విరిగిన ముక్కను ఎవరి చేతిలో పెట్టాలన్నదే నేను ముందుగా అడిగే ప్రశ్న. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నేను సరుకు తెచ్చుకునే దుకాణదారు విరిగిన సాకెట్‌ను చూసి, నా ఎదుటే వేరేది తీసిచ్చారు. ఆన్‌లైన్‌లో రెండు వందలు తక్కువకు దొరుకుతున్నా నేను ఆయన దగ్గరే కొనడానికి కారణం అదే.

ఖరీదు పెట్టినందుకు ఒక్కసారి కూడా బాధపడని పనిముట్టు జర్మనీలోని వుప్పర్‌టాల్‌లో తయారయ్యే నైపెక్స్ కోబ్రా ప్లయర్, అంటే పైపు సైజును బట్టి దవడల ఎడం మార్చుకునే పనిముట్టు. నాది 250 మిల్లీమీటర్ల రకం. ఏడేళ్ల క్రితం 3 వేల రూపాయలకు దగ్గరగా పెట్టి కొన్నప్పుడు షెడ్డులో అందరూ ఆశ్చర్యపోయారు. పై దవడను పైపు మీద ఆనించి, మీట నొక్కి, కింది దవడను అది తగిలే వరకు జరిపితే చాలు. పళ్లు తిప్పే దిశకు ఎదురు వాలుగా ఉంటాయి కాబట్టి, తిప్పేకొద్దీ తనంతట తానే బిగుసుకుంటుంది, పిడిని గట్టిగా పిండాల్సిన అవసరం పడదు. ఇదే పనికి వాడే మామూలు వాటర్ పంప్ ప్లయర్లు జారి వేళ్లు నలిగిన అనుభవం ఉన్నవారికి ఈ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఒకే ఒక పన్ను కొద్దిగా మొద్దుబారింది. అయితే పూత వేసిన నట్లకు దీన్ని వాడకూడదు, పళ్ల గుర్తులు పడిపోతాయి.

స్క్రూ డ్రైవర్ల దగ్గర చాలామంది గమనించని విషయం ఒకటుంది. జపాన్ నమూనా మోటార్ సైకిళ్ల కార్బొరేటర్ మరలు చూడటానికి మామూలు ప్లస్ గాడిలాగే ఉన్నా, వాటి కొలత వేరు. కొన్నిటి తల మీద చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు ప్లస్ మొన (ఫిలిప్స్) డ్రైవర్ అందులో అడుగు దాకా దిగదు, బలం పెట్టగానే పైకి లేచి గాడిని నమిలేస్తుంది. జపాన్ ప్రమాణానికి సరిపోయే మొన ఉన్న డ్రైవర్ ఒక్కటి కొన్నాక, మా షెడ్డులో అలాంటి మరను డ్రిల్లు పెట్టి తీయాల్సిన పని దాదాపు తప్పింది.

సుత్తి, ఉలి, పట్టుకారు వంటివి స్థానికంగా దొరికేవే చాలు. పిడి బిగువుగా ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది. టార్క్ రెంచీ మాత్రం వేరు. దాన్ని ఏడాదికి ఒకసారి గానీ, 5,000 బిగింపులకు ఒకసారి గానీ పరీక్షింపజేయాలి. పని అయ్యాక స్ప్రింగును అతి తక్కువ అంకెకు వదులు చేసి పెట్టాలి. ఈ శ్రద్ధ పెట్టలేని షెడ్డులో ఎంత ఖరీదైన టార్క్ రెంచీ ఉన్నా, సిలిండర్ హెడ్ బోల్టులకు అది చూపే అంకెను నమ్మలేము.

మా దగ్గర రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు పోయిన నెలలో సొంత పనిముట్లు కొంటానంటే, రాణిగంజ్‌కు నేనే వెంట వెళ్లాను. తన దగ్గరున్న 8 వేలలో ఒక మామూలు రింగు స్పానర్ల సెట్, 10, 12, 14 సైజులలో ఆరు మూలల లోతు సాకెట్లు, 72 పళ్ల రాచెట్ ఒకటి, జపాన్ మొన స్క్రూ డ్రైవర్ తీసుకున్నాడు. 72 పళ్లంటే 5 డిగ్రీల కదలికకే తర్వాతి పన్ను పట్టుకుంటుంది. ఇంజిన్‌కూ డాష్‌బోర్డుకూ మధ్య చెయ్యి కదలని చోట అది ఎంత అవసరమో వాడికి అప్పటికే తెలుసు. కోబ్రాను చేతిలోకి తీసుకుని, రెండు మూడుసార్లు మీట నొక్కి చూసి, వచ్చే దసరాకు కొంటానని తిరిగి బల్ల మీద పెట్టాడు. బిల్లు చేతికి రాగానే, నేను చెప్పకముందే ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు.